ఏం చూసుకుని ఈ ధీమా?

(యర్రగుంట్ల పేరయ్య స్మారకోపన్యాస పాఠం)



మా వైపు ఒక మాట ఉంది. ఎవరైనా ఊరు తనకిచ్చిన చోటుకు మించి తలెత్తి మాట్లాడితే, "ఏం చూసుకుని రా నీకింత ధీమా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఊరు ఒప్పుకునే జవాబులు కొన్నే ఉన్నాయి. పొలం చూసుకుని, కులం చూసుకుని, యార్డులో పలికిన ధర చూసుకుని, కొడుకు ఉద్యోగం చూసుకుని. వీటిలో ఒక్కటైనా చెప్పలేనివాడు తల దించుకుని పక్కకు తప్పుకోవాలి. మనం ఈ రోజు తలుచుకుంటున్న మనిషి దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. అయినా ఆయన తల దించుకోలేదు. ఆ ధీమా ఆయనకు ఎక్కడిది? నేను మాట్లాడబోయేది దాని గురించే.

చెప్పులు కుట్టిన చేతులు

యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులంలో పుట్టాడు. తోలు పని చేసేవాడు. ఆ రోజుల్లో ఈ మెట్ట పొలాలకు నీళ్లు పెట్టాలంటే బావి మీద కపిలె తోలాలి. కపిలెకు తోలు బాన కావాలి. రైతు కాలికి చెప్పులు కావాలి, ఎద్దు మెడకు పట్టెడలు కావాలి. ఇవన్నీ మాదిగ చేతుల మీదుగా వచ్చేవి. ఊరికి ఆ చేతుల పని కావాలి, ఆ చేతులు మాత్రం తగలకూడదు. జాతరకు డప్పు కొట్టాల్సిందీ ఆ చేతులే, గుడి బయట ఆగిపోవాల్సిందీ ఆ చేతులే.

అయితే పేరయ్యను ఏమీ తెలియని అమాయకుడిగా ఊహించుకుంటే పొరపాటు. ఆయన రాజయోగ గురువుల చుట్టూ తిరిగినవాడు, ధ్యానం నేర్చినవాడు. మాలమాదిగ పల్లెల్లో అప్పటికే ఆ అన్వేషణ ఉంది. వర్ణాన్ని లెక్కచేయని తత్వాలు, గురువులు, రాత్రి భజనలు ఉన్నాయి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన 'చెప్పులు కుడుతూ' అనే ఇంగ్లీషు పుస్తకంలో ఈ లోకాన్ని శ్రద్ధగా రాసిపెట్టింది. తోలు కుడుతూ కుడుతూనే దేవుడి గురించి ఆలోచించే మనుషులు ఆ పుస్తకం నిండా కనిపిస్తారు.

పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లాడు. అక్కడ చర్చి మిషన్ సొసైటీ దొర అలెగ్జాండర్ నోట సువార్త విన్నాడు. నీ ఊరికి దగ్గరగా ఒంగోలుకు దొరలు వస్తారు, వాళ్లను కలుసుకోమని ఆయన చెప్పి పంపాడు. 1866లో అమెరికా మిషనరీ జూవెట్ దొర చేతుల మీదుగా పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు.

మరుసటి సంవత్సరం జనవరిలో జాన్ క్లౌ పేరయ్య ఊరు తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో డేరా వేశాడు. పేరయ్య చుట్టుపక్కల పల్లెల నుంచి జనాన్ని తీసుకొచ్చాడు. వాళ్లు కొన్ని రోజులకు సరిపడా తిండి మూటలు కట్టుకుని వచ్చారు. బాప్తిస్మం తర్వాత కట్టుకోవడానికి మరో బట్ట కూడా వెంట తెచ్చుకున్నారు. ఆ మూటల ముచ్చట చదివినప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి. చదువు లేదు, సెంటు భూమి లేదు. మారుబట్ట మాత్రం మూటలో సిద్ధంగా ఉంది. నన్ను కాదనరు అనే నమ్మకం ఉన్నవాడే మారుబట్ట తెచ్చుకుంటాడు. ఆ వారం చివర 28 మంది బాప్తిస్మం పొందారు.

పౌలు డేరాలు కుట్టి బతికేవాడు, పేరయ్య చెప్పులు కుట్టి బతికాడు. ఇద్దరి చేతిలోనూ సూది ఉంది. కానీ పౌలుకు చెప్పుకోవడానికి గొప్పలున్నాయి. గొప్ప గోత్రం, నిష్ఠగల పరిసయ్యుల శాఖ, ధర్మశాస్త్రం విషయంలో నిందలేని నడక. వాటన్నిటినీ తానే ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, క్రీస్తు ముందు అవి నష్టమేనని ఫిలిప్పీయులకు రాశాడు. పేరయ్యకు కొట్టివేయడానికి అలాంటి జాబితా లేదు. పౌలు ఎంతో వదులుకుని చేరిన చోటికి ఈయన ఖాళీ చేతులతో నడిచి వచ్చాడు. ఇద్దరూ నిలబడింది ఒకే నేల మీద.

ప్రార్థన కొండ

ఈ కథలో దొరలకు కూడా అతిశయించే వీలు దొరకలేదు. శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చాడు, 1840లో నెల్లూరులో మిషన్ పెట్టాడు. ఏళ్లు గడిచాయి, ఫలితం మాత్రం వేళ్ల మీద లెక్కించేంత. 1853లో అమెరికాలోని ఆల్బనీ మహాసభలో ఈ మిషన్ మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మ్యాపు మీద ఒంటరిగా మిగిలిన ఈ చుక్కను ఒకాయన ఒంటరి నక్షత్రం అన్నాడు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే కవి రాసిన పద్యాలు సభ మనసు మార్చాయి. మిషన్ నిలిచింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దంపతులు, జూలియా, రూతు, మరో తెలుగు విశ్వాసి, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. కింద కనుచూపు మేర ఊళ్లు, చేలు. తమకు చూపించుకోవడానికి ఫలితం లేదని ఆ ఐదుగురికీ తెలుసు. ఆ తెల్లవారుజామున వాళ్లు ఈ నేలకు బోధకులను పంపమని మోకరించి అడిగారు. ఆ కొండను మనం ఈ రోజుకీ ప్రార్థన కొండ అనే పిలుస్తున్నాం.

జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈ మధ్యలో జూవెట్ జబ్బుపడి అమెరికా వెళ్లినప్పుడు మూసేద్దామన్న మాట మళ్లీ లేచింది. మీరు పంపకపోయినా నేను వెళ్లి ఆ తెలుగువాళ్ల మధ్యే చచ్చిపోతానన్నాడాయన. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదా అన్నాడు మిషన్ కార్యదర్శి. అలా తోడుగా వచ్చినవాడు జాన్ క్లౌ. అంతకుముందు మిన్నెసోటాలో భూముల సర్వే చేసినవాడు, గొలుసు పట్టుకుని నేల కొలిచినవాడు. 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. కొండ మీద ప్రార్థన జరిగి ఆ రోజుకు సరిగ్గా పదమూడేళ్లు.

రెండు గదుల్లో ఒకే పేజీ

క్లౌ ఒంగోలుకు వచ్చిన కొత్తలో ఊరి పెద్దలు ఆదరించారు. బ్రాహ్మణ కుర్రాళ్లు మిషన్ బడిలో చేరారు. ఏ మిషనరీకైనా అంతకంటే మంచి ప్రారంభం ఏముంటుంది? ఊళ్లో పేరున్నవాళ్లు, రేపు అధికారులు కాబోయేవాళ్లు మన బడిలో ఉన్నారని ఇంటికి ఉత్తరం రాసుకోవచ్చు. అంతలో మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌకు ఏం చేయాలో తోచలేదు.

తర్వాత ఏం జరిగిందో ఆయనే రాసిపెట్టాడు. ఒక గదిలో ఆయన, మరో గదిలో ఆయన అప్పటి భార్య, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిలు తెరిచారు. ఇద్దరికీ కనిపించింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివరి భాగమే. మీలో పండితులెందరు, బలవంతులెందరు, పుట్టుక చెప్పుకోగలవాళ్లెందరు అని పౌలు అక్కడ అడుగుతాడు. లోకం లెక్కచేయనివాళ్లనే దేవుడు ఏరుకున్నాడని, ఆయన ఎదుట ఎవరూ గొప్పలు చెప్పుకోకుండా ఉండటానికే అలా చేశాడని అంటాడు. దంపతులకు ఇక సందేహం మిగలలేదు. మాదిగలకు తలుపు తెరుచుకుంది, పెద్ద కులాల పిల్లలు బడి వదిలి వెళ్లారు.

ఈ సంఘటనను అద్భుతంగా చెప్పుకోవడం మనకు అలవాటు. నా కంటికి అందులో పెద్ద విషయం మరొకటి. క్లౌ ఆ రోజు తన విజయాన్ని వదులుకున్నాడు. ఊరి గౌరవాన్ని, కళ్లముందున్న ఫలితాన్ని చేతులారా పోగొట్టుకున్నాడు. సాధించినదాని మీద ధీమా పెట్టుకున్నవాడు ఆ పని చేయలేడు.

చేరినవాళ్లు కట్టిన వెల ఇంకా ఎక్కువ. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ వాళ్లకు పెట్టిన నియమాలు. జాతరకు డప్పు కొట్టబోమన్నారు. అంతే, ఊరు తిరగబడింది. పని ఇవ్వలేదు, నీళ్లకు రానివ్వలేదు. ఏం చూసుకుని మీకీ ధీమా అని ఊరు అడిగింది. చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. అయినా వెనక్కి తగ్గలేదు.

ధాత కరువు, కాలవ గట్టు

1876లో వచ్చిన కరువును మన పెద్దవాళ్లు ధాత కరువు అన్నారు. వానలు ముఖం చాటేశాయి, గాదెలు ఖాళీ అయ్యాయి, తర్వాత కలరా వచ్చింది. పల్లెలకు పల్లెలు రోడ్డున పడ్డాయి. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్వించింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఒకప్పుడు నేర్చిన సర్వే పని అక్కడ ఆకలిని ఆపింది. బోధకులు మేస్త్రీలయ్యారు. పగలు మట్టి మోసినవాళ్లు సాయంత్రం గట్టు మీద చతికిలబడి వాక్యం విన్నారు.

వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం వస్తున్నారేమో, గింజల కోసం వస్తున్నారేమో అని పదిహేను నెలలపాటు ఆపాడు. లెక్కలు చూపించుకోవాలనుకున్న మనిషికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన దాన్ని వదిలేశాడు.

1878లో కరువు పని ముగిసింది. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో బోధకులను కలుద్దామనుకున్నాడు. వచ్చింది బోధకులు మాత్రమే కాదు, వేల జనం. ఇక నా దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదు, వెళ్లిపొమ్మని చెప్పాడు. వాళ్ల జవాబును ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మాకు డబ్బు అక్కర్లేదు, మేం కష్టపడ్డామనడానికి చేతుల మీద బొబ్బలే సాక్ష్యం, ఇక ముందూ కష్టపడతాం, రాబోయే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేది క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు.

ఈ జవాబు దగ్గర నేను కాసేపు ఆగాలి. దేవుడి మీద ధీమా అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని కొందరనుకుంటారు. ఆ మనుషులు చూపించింది ముడుచుకున్న చేతులు కాదు, బొబ్బలెక్కిన అరచేతులు. అయితే ఆ బొబ్బలను దేవుడికి బాకీ పత్రంలా చాపలేదు. మేం ఇంత చేశాం గనుక పంట ఇవ్వు అనలేదు. పంట పోవచ్చని ఒప్పుకున్నారు. పంట పోయినా పోనిది ఒకటుందన్నారు. కష్టాన్ని, ఫలితాన్ని, నమ్మకాన్ని అంత విడివిడిగా పట్టుకోవడం పెద్ద చదువులు చదివిన మనకు చేతకావడం లేదు.

1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఆ జూలై 3న క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు.

తెల్ల బంగారం

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇన్నేళ్లుగా దీన్ని సభలో చెప్పలేకపోయాను.

మా నాన్న కౌలు రైతు. నల్లరేగడిలో పత్తి వేసేవాడు. పత్తిని అప్పుడు తెల్ల బంగారం అనేవాళ్లు. ఒక ఏడు ఎకరాకు పది క్వింటాళ్లు తీశాడు. ఆ రోజు నుంచి ఆయన నడక మారింది. పది క్వింటాళ్లు తీసినాయన అని ఊరు పిలిస్తే ఆయన ఛాతీ పొంగేది, మా ఛాతీలూ పొంగేవి. 1987లో తెల్లదోమ వచ్చింది. పైరెథ్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ అది పెరిగింది, ఆకు నల్లబడింది, కాయ నిలవలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుల మందు తాగి చనిపోతున్నారని పేపర్లు రాయడం మొదలైంది అప్పుడే.

మా నాన్న ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. మా నాయనమ్మ మందు డబ్బాలన్నీ ఎత్తుకెళ్లి చర్చి పాకలో దాచింది. రాత్రిళ్లు ఆయన మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేది. ఒక రోజు తెల్లవారుజామున ఆయన చెయ్యి పట్టుకుని చేను దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. మోడు బారిన చేను ముందు నిలబెట్టి, "చూడరా అబ్బాయ్, పైరే గదరా పోయింది. నువ్వు పోలేదు గదా. పది క్వింటాళ్లు పండక ముందు కూడా నువ్వు నా కొడుకువే గదరా" అంది. అక్కడే గట్టు మీద మోకరించి ప్రార్థన చేసింది. అప్పు తీర్చమని అడగలేదు. వచ్చే ఏడు పంట ఇమ్మనీ అడగలేదు. "వీణ్ణి ఇచ్చింది నువ్వు, వీడు నీవాడు" అంది. నాన్న ఆ గట్టు మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ బతికాడు, కష్టపడ్డాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పకపోతే పాపం చేసినవాణ్ణవుతాను. ఆ ఏడు చనిపోయినవాళ్లు నమ్మకం లేక చనిపోయారని ఎవరూ అనకూడదు. వాళ్లలో మా నాయనమ్మ కంటే ఎక్కువ ప్రార్థన చేసినవాళ్లు ఉండి ఉంటారు. వాళ్ల మెడకు చుట్టుకుంది వడ్డీ, కల్తీ, కౌలు భారం. ఆ అన్యాయాలను నిలదీయడం కూడా విశ్వాసి పనే. దేవుణ్ణి నమ్ముకో అని చెప్పి రైతును అప్పులవాడికి అప్పగించి వచ్చే బోధ నాకు వద్దు. నేను చెప్పేది ఒక్కటే. పంటే తాననుకున్న మనిషికి పంట పోయిన రోజు తాను కూడా పోయినట్టే అనిపిస్తుంది. ఆ రోజు, నువ్వు పంటవి కాదు, నా బిడ్డవు అని పిలిచే గొంతు ఒకటి వినపడాలి. మా నాన్నకు అది నాయనమ్మ నోట వినపడింది. 2021లో మిరపతోటల మీద నల్ల తామర పురుగు పడి పూత పూతంతా రాలిపోయినప్పుడు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు మళ్లీ ఆ గొంతు కోసం వెతుక్కున్నాయో మీకు తెలుసు.

మన కొత్త గొప్పలు

ఏమీ లేక దేవుడి మీద నిలబడ్డవాళ్ల మనవలం, మునిమనవలం మనం. వాళ్లు నిలబడ్డందువల్లే మనకు బడి, ఆసుపత్రి, ఉద్యోగం వచ్చాయి. అది దేవుడు చేసిన మేలు. అయితే ఇప్పుడు మన సంఘాల్లో ఏం వినపడుతోంది? పిల్లాడి ర్యాంకు వేదిక మీద చదువుతున్నారు. అమెరికా నుంచి వచ్చిన కానుక ఎంతో మైకులో చెబుతున్నారు. కొత్త మందిరం గోపురం ఎన్ని అడుగులో చెబుతున్నారు. చివరికి 2,222 అనే సంఖ్యను కూడా మన గొప్పగా చేసుకున్నాం. ఆ నీళ్లలో ఒక్కరినీ తన చేత్తో ముంచి లేపని క్లౌ చెప్పుకోని గొప్పను మనం చెప్పుకుంటున్నాం.

దీనివల్ల ఎవరు నలిగిపోతున్నారో చూడండి. ర్యాంకు రాని పిల్లవాడు ఆ ఆదివారం గుడికి రావడం లేదు. పంట పోయిన రైతు వెనక తలుపు దగ్గర కూర్చుని ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోతున్నాడు. దేవుడి ఇంట్లో కూడా ఏం చూసుకుని వచ్చావని అడుగుతున్నామన్న భయం వాళ్లకు మనం పుట్టించాం. ఊరు పేరయ్యను అడిగిన ప్రశ్ననే, ఆయన వారసులం మనం, మన పిల్లలను అడుగుతున్నాం.

గొప్పల మీద ఆధారపడని ధీమా ఒక్క మతానికి చెందిన సంగతి కాదు. మన కాకర్ల గ్రామం నుంచి తంజావూరు వెళ్లిన కుటుంబంలో పుట్టిన త్యాగయ్య రాజాస్థానం పిలిచినా వెళ్లలేదని చెప్పుకుంటాం. పోతన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చాడని చెప్పుకుంటాం. తెలుగు నేల గౌరవించింది రాజు మెచ్చుకోలు మీద ఆధారపడని మనుషులను. వాళ్లకు వదులుకోవడానికి సన్మానాలున్నాయి. పేరయ్యకు అవి లేవు. అందుకే ఆయన ధీమా నాకు మరింత దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే అది ఎవరికైనా అందుతుంది. పాండిత్యం లేనివాడికీ అందుతుంది, పంట పోయినవాడికీ అందుతుంది.

వెనక నిలబడిన పిల్లలారా, చదవండి. బొబ్బలెక్కేలా చదవండి. గెలిస్తే సంతోషించండి, నలుగురికీ మిఠాయి పంచండి. దాన్ని మాత్రం మీ పేరు చేసుకోవద్దు. పెద్దలారా, ఫలితాలు వచ్చిన సాయంత్రం ముందుగా ఓడిన పిల్లల ఇళ్లకు వెళ్లండి. ధర పడిపోయిన వారం రైతు పక్కన కూర్చోండి. మా నాయనమ్మ చేసిందంతా అదే.

ముగించే ముందు గుండ్లకమ్మ నీళ్లను ఒకసారి గుర్తుచేసుకుందాం. బాప్తిస్మమిచ్చేటప్పుడు బోధకుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు. పక్కన డిగ్రీ చెప్పడు, ఎకరాలు చెప్పడు, ర్యాంకు చెప్పడు. ఆ జూలై రోజున నడుము లోతు నీళ్లలో, అంతవరకు ఊరు ఒరే అని మాత్రమే పిలిచిన మనుషులను దేవుడి నామంలో వాళ్ల సొంత పేరుతో పిలిచారు. ఏం చూసుకుని ఈ ధీమా అని ఈసారి ఎవరైనా మిమ్మల్ని అడిగితే, నన్ను పేరు పెట్టి పిలిచినవాణ్ణి చూసుకుని అని చెప్పండి.